రోషము గల దైవము: మాత్సర్యమా, అనురాగమా?

అరిషడ్వర్గములలో కడపటిది మాత్సర్యము. దానిని జయించుట సాధనలో భాగమని నమ్మినవారికి, బైబిలు నిర్గమకాండమున దైవము తన్ను రోషము గలవానిగా చెప్పుకొనుట విస్మయము గొల్పును. మానవదోషమును పరమాత్మయందు ఆరోపించిరని త్రోసిపుచ్చువారును కలరు. అది తొందరపాటు నిర్ణయము.

హీబ్రూ మూలమందలి 'కిన్‌ఆ' అను పదమునకు అసూయయే గాక తీవ్రమైన ఆసక్తి యనియు అర్థము కలదు. పరుల సొత్తును చూచి ఓర్వలేకపోవుట మాత్సర్యము. ఇచ్చట దైవము కోరునది తనతో నిబంధన చేసికొనిన జనుల అనన్యభావమును. ఆ నిబంధనను ప్రవక్తలు వివాహముగా దర్శించిరి. పరపురుషుని ఆశ్రయించిన స్త్రీని హోషేయ విడనాడలేదు. 15 తులముల వెండియు, కొంత యవధాన్యమును ఇచ్చి మరల తెచ్చుకొనెను. ఉదాసీనునకు రోషమెక్కడిది?

తెలుగు ప్రబంధమున ప్రణయకోపము నాయికది. 'పారిజాతాపహరణము'న సత్యభామ అలుగును, కృష్ణుడు బతిమాలును. బైబిలున అలిగినది దైవమే!

అయినను భేదము భేదమే. అన్యదేవతలను శ్రద్ధతో కొలుచువారును, విధి తప్పినను, తన్నే కొలుచుచున్నారని గీత తొమ్మిదవ అధ్యాయమున కృష్ణుడు పలుకును. సీనాయి నిబంధనమున ఆ అవకాశము లేదు. రెండును ఒకటే యనుట సులభము, సత్యము కాదు. నిర్గమకాండము 34వ అధ్యాయమున రోషప్రస్తావనకు ముందున్నది అన్యజనుల బలిపీఠములను పడగొట్టుడను ఆజ్ఞ. ఆ పీఠముల యొద్ద మ్రొక్కినవారికి ఈ అనురాగము ఎట్లు తోచెనో హోషేయ కథ చెప్పదు.