షాగిర్దుది పరంపర కాదా?

పాడేరు ఏజెన్సీ ఘాట్లు ఎక్కే పాత ఫోర్‌వీల్ జీపు కంపెనీ దయతో నడవడం లేదు. విశాఖ వన్ టౌన్ వంటి పాతబస్తీల షెడ్లలో నూనె మరకల చేతులు దాని కమాన్లు మార్చి, గేర్లు విప్పి బిగించి, నాలుగు చక్రాలకూ మళ్లీ బలం అందిస్తున్నాయి గనుక నడుస్తోంది.

1945లో ‘మహీంద్రా అండ్ మహమ్మద్’గా పుట్టిన సంస్థే ఈ దేశంలో జీపులు కూర్చింది. మాలిక్ గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లిపోగా 1948లో బోర్డు మీద పేరు మారింది. మన పని మారలేదు. ముస్లింలు అధికంగా ఆధారపడిన పనుల్లో వాహన మరమ్మతు ఒకటని 2006లో సచార్ కమిటీయే చెప్పింది.

అయినా 2023 నాటి పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కమ్మరికి, తాళాలు చేసేవారికి చోటుంది. మోటారు మెకానిక్‌కు లేదు. గురుశిష్య పరంపరను కాపాడతామంటారు. ఉస్తాద్ పక్కన పదేళ్లు పానా పట్టిన షాగిర్దుది ఏ పరంపర? పూచీకత్తు లేని 3 లక్షల రుణం అతనికెందుకు అందరాదు?

అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు అని 2019 సవరణ చెబుతోంది. అనుమతితో ఇంజిన్ మార్చుకునే వీలు కూడా చట్టంలోనే ఉంది. ఈ తేడా షెడ్డుకు వచ్చి ఎవరు చెప్పారు? బ్రేకులు బాగుచేయడం వేరు, ఆడంబరానికి వెడల్పు టైర్లు తొడగడం వేరు. రెండో పనిని ఉస్తాదులే కాదనాలి.

మెకానిక్ పనిని ఆ జాబితాలో చేర్చాలి. తెలుగులోనో ఉర్దూలోనో నైపుణ్య పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇవ్వాలి. పరీక్ష రుసుమును మన జమాఅత్ కమిటీలు ఈ ఏడాదే భరించగలవు.