పొద్దుటి కలగూరగంప

ఏ తెలుగు ఛానలైనా సరే, పొద్దున ఏడు గంటలకు పెట్టి చూడండి. ముందు గుడి గోపురం, దాని వెంటే రాశిఫలాలు. ఆ తర్వాత ముఖ్యాంశాలు: ఒక నాయకుడు ఇంకో నాయకుణ్ణి తిట్టిన తిట్లు, ఎక్కడో బోల్తా పడిన లారీ. అది అవగానే ఒక డాక్టరు వచ్చి మోకాళ్ల నొప్పుల గురించి చెబుతాడు. డాక్టరు పోగానే క్రికెట్ స్కోరు. స్కోరు పూర్తిగా చెవిన పడకముందే కొత్త సినిమా పాట. నడుమ నడుమ సబ్బులు, టూత్‌పేస్టులు, బంగారు నగలు. తొమ్మిదయ్యేసరికి లోకమంతా చుట్టి వచ్చామనిపిస్తుంది. ఆ లోకంలో మన కాలనీ ఉందా అని మాత్రం ఎవరమూ అడగం.

ఇలాంటి దాన్ని కలగూరగంప అంటారు. నిజానికి ఆ మాట ఈ కార్యక్రమాలకు తగదు. కలగూర అంటే ఏమిటో మన ఆడవాళ్లకు తెలుసు. వాన పడ్డాక చెరువు కట్ట మీద, చేల గట్ల మీద పొన్నగంటి, గలిజేరు, తుమ్మి, చెంచలి ఏరుకొస్తారు. ఏ ఆకు పిడికెడు వేయాలో, ఏది రెండు రెమ్మలు చాలో, ఏది చేదెక్కితే పారేయాలో వాళ్లకు లెక్క ఉంది. తినేవాళ్లు ఎవరో, ఎవరికి ఏది పడుతుందో చూసి కలుపుతారు. టీవీ వాళ్ల గంపకూ ఒక లెక్క ఉంది. ఏ ఆకు వేస్తే జనం మరో ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుంటారు అన్నదే ఆ లెక్క. తినేవాళ్ల ఒంటికి ఏం కావాలన్నది అందులో లేదు. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

ఈ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. 1952 జనవరి 14న అమెరికాలో ఎన్‌బీసీ వాళ్లు 'టుడే' అనే ఉదయం కార్యక్రమం మొదలుపెట్టారు. వార్తలు, వాతావరణం, కబుర్లు, ఆటలు అన్నీ కలిపి వడ్డించడం అక్కడ అలవాటైంది. మొదట్లో జనం పెద్దగా చూడలేదు. 1953లో ఒక చింపాంజీని తెచ్చి కార్యక్రమం నడిపే ఆయన పక్కన కూర్చోబెట్టారు. దాని చేష్టలు చూడ్డానికి పిల్లలు టీవీ పెట్టారు, పిల్లలతో పాటు పెద్దలు కూర్చున్నారు, ప్రకటనలు వచ్చాయి. వార్త పక్కన కోతి కూర్చుంటేనే వార్తకు గిరాకీ అన్న పాఠం అప్పుడే నేర్చుకున్నారు. 1983లో బ్రిటన్‌లో బీబీసీ, 1987 ఫిబ్రవరిలో మన దూరదర్శన్ ఉదయం ప్రసారాలు మొదలుపెట్టాయి. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక తెలుగు ఇళ్లలో ప్రైవేటు ఛానళ్ల కాలం మొదలైంది.

కానీ తెలుగు పల్లెలకు ఉదయం టీవీ మొదటిసారి వచ్చింది వినోదం కోసం కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఒకటి ఏడాది పాటు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో అందరూ కూర్చుని చూసే టీవీలు పెట్టారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం. అందులోనూ పాటలు, ఆటలు ఉన్నాయి. అయితే ఎవరి కోసం, ఎందుకు అన్న ప్రశ్న ముందు వేసుకుని కార్యక్రమం తయారు చేశారు. ఆ ప్రశ్న ఇప్పుడు ఎవరు వేస్తున్నారు?

ఇప్పటి కార్యక్రమం ఎవరి కోసమో తెలియాలంటే గడియారం చూస్తే చాలు. సత్యవేడు, వరదయ్యపాళెం, నాగలాపురం వైపు యానాది, ఎరుకల కాలనీల్లో ఏడు గంటలకు ఇంట్లో ఎవరుంటారు? తోట పనికి, నాట్లకు, ఇటుక బట్టీకి పోయేవాళ్లు అప్పటికే పోయుంటారు. శ్రీసిటీ కంపెనీలకు పోయే మన పిల్లలు బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటారు. ఇంట్లో మిగిలేది అవ్వ, తాత, బడికి తయారయ్యే పిల్లలు. కాఫీ తాగుతూ రెండు గంటలు కూర్చోగలిగిన ఇంటి కోసం చేసిన కార్యక్రమం, కూర్చోవడానికి తీరిక లేని ఇంట్లో మోగుతూ ఉంటుంది. దాన్ని నిజంగా చూసేది మన పిల్లలు. లోకంలో ఏది ముఖ్యం, ఏది కాదు అన్నది వాళ్లు అక్కడే నేర్చుకుంటున్నారు. ఇది మనకు సంబంధించిన విషయం కావడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఇక గంపలోని ఒక్కో ఆకు చూద్దాం.

మొదటిది వార్తలు. 1871లో తెల్లవాళ్లు చేసిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలను, యానాదుల్లో కొందరిని ఆ జాబితాలో ఎక్కించి, పుట్టుకతోనే దొంగలన్నారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మాటల్లో నుంచి పోయిందా? ఒక పని చేయండి. వారం రోజులు ఉదయం వార్తలు చూసి, దొంగతనం వార్తలో ఎవరి కులం పేరు చెప్పారో, ఎవరిది చెప్పలేదో పుస్తకంలో రాయండి. మీ లెక్కే మీకు జవాబు చెబుతుంది. అదే వార్తల్లో శ్రీహరికోట రాకెట్ కౌంట్‌డౌన్ వస్తుంది. మన సత్యవేడుకు ఈశాన్యంగా, పులికాట్ అవతల ఉన్న దీవి అది. రాకెట్ ఎగిరితే మనమూ గర్వపడతాం, పడాలి కూడా. కానీ ఆ దీవిలో తరతరాలుగా అడవిని నమ్ముకుని బతికిన యానాదులు 1970 ప్రాంతంలో ఆ కేంద్రం కోసం ఇళ్లు వదిలి బయటికి వచ్చారు. 1971 అక్టోబరులో అక్కడి నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. అన్ని ప్రయోగాల ఉదయాలు గడిచాయి, ఒక్క ఉదయమైనా వాళ్ల పేరు ఎత్తితే రాకెట్ ఆగిపోతుందా?

రెండోది ఆరోగ్యం. మోకాళ్ల నొప్పులు, బరువు తగ్గడం, ముఖం మెరుపు, షుగరు. షుగరు మనకూ వస్తోంది, కాదనను. కానీ పాముకాటు సంగతేమిటి? 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. ఎక్కువ మంది చనిపోయిన ప్రాంతాల్లో ఆంధ్ర, తెలంగాణలున్నాయి. ఆ చావుల్లో సగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. చేలలో ఎలుకలు పట్టేవాళ్లు, నేల మీద పడుకునేవాళ్లు ఎవరో ఎవరికీ చెప్పనక్కరలేదు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదు. తాడు బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి విషవిరుగుడు మందున్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి. ఇది చెప్పడానికి టీవీలో ఒక్క నిమిషం చాలు. వానాకాలం నాలుగు నెలలు రోజూ ఆ నిమిషం ఇస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయి? 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పాముకాటు చావులను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని జాతీయ ప్రణాళిక కూడా ప్రకటించింది. ప్రణాళిక కాగితం మీద ఉంది. పొద్దుటి డాక్టరు మాత్రం ఇంకా మోకాలు దగ్గరే ఉన్నాడు.

ఇంకో మాట. మన సరిహద్దు దాటి చెన్నైకి దక్షిణాన వడనెమ్మెలిలో ఇరుళల పాములు పట్టేవాళ్ల సహకార సంఘం 1978 నుంచి నడుస్తోంది. దేశంలో విషవిరుగుడు మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం ఆ గిరిజనుల చేతుల మీదుగానే వచ్చింది. ఆ సమాజానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పాము గురించి చెప్పడానికి మనవాళ్లను మించిన నిపుణులు లేరు. అయినా టీవీలో పాము వచ్చిందంటే, ఇంట్లో దూరిన నాగుపామును చూసి జనం పరుగెత్తే వీడియోనే. అది ఆరోగ్యం కింద రాదు, వినోదం కింద వస్తుంది.

మూడోది ఆటలు. ఉదయం ఆటలంటే క్రికెట్, క్రికెట్ అయిపోతే క్రికెటర్ పెళ్లి. 1928లో ఆమ్‌స్టర్‌డ్యామ్ ఒలింపిక్స్‌లో మన దేశానికి మొదటి హాకీ స్వర్ణం వచ్చినప్పుడు ఆ జట్టు కెప్టెన్‌గా వెళ్లింది జైపాల్ సింగ్ ముండా అనే ఆదివాసీ. తర్వాత రాజ్యాంగ సభలో నిలబడి ఆదివాసుల తరఫున మాట్లాడింది కూడా ఆయనే. 2014 మే 25న తెలంగాణ గురుకులంలో చదువుకుంటున్న గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, 14 ఏళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు రెండు రోజులు చూపించారు. ఆ తర్వాత మన గురుకులాల్లో పరుగెత్తే పిల్లలు, విల్లు పట్టే పిల్లలు, కబడ్డీ ఆడే పిల్లలు ఎవరికి కనబడ్డారు? పతకం తెస్తేనే కెమెరా వస్తానంటుంది. కెమెరా ముందే వచ్చి ఉంటే మంచి బూట్లు, మైదానం కూడా ముందే వచ్చేవి.

నాలుగోది వినోదం. ఆగస్టు 9న మాత్రం మనం ఇక్కడ కనబడతాం. రెండు నిమిషాల నాట్యం, ఈకలు, కొమ్ముల కిరీటం. అవి వాటి వాటి జాతుల గౌరవం, తప్పేమీ లేదు. కానీ సత్యవేడులోని యానాది పిల్లవాడు ఆ రెండు నిమిషాలు చూసి, గిరిజనుడంటే ఎక్కడో కొండ మీద నాట్యం చేసేవాడనుకుంటాడు. తన ఇంట్లో తాత చెప్పే చెట్టు మందు, అవ్వ ఏరే ఆకు, పులికాట్‌లో చేపను పట్టే నేర్పు గిరిజన జ్ఞానమని వాడికి ఎవరు చెబుతారు?

దీనికి కొందరు జవాబు చెబుతారు. రిమోట్ మీ చేతిలోనే ఉంది కదా, నచ్చకపోతే మార్చుకోండి అంటారు. అన్ని ఛానళ్లూ ఒకే గంప పట్టుకుని కూర్చుంటే రిమోట్ నొక్కి ఏం చేయాలి? జనం అడిగిందే ఇస్తున్నాం అంటారు. జనం ఏం చూస్తున్నారో లెక్కించేది కొన్ని ఇళ్లలో టీవీకి తగిలించిన మీటర్లతో. టీవీయే లేని ఇంటి మాట ఆ లెక్కలోకి రాదు. ఈ కాలంలో టీవీ ఎవరు చూస్తారు, అంతా ఫోన్లే కదా అని మన కుర్రాళ్లే అంటారు. తమ్ముడూ, నీ ఫోనులో వచ్చే ముక్కల్లో చాలా భాగం ఆ టీవీ గంపలోంచి తెంచినవే. గంప మారకపోతే ముక్కా మారదు.

పాటలూ వద్దు, సినిమా కబురూ వద్దు అని నేననడం లేదు. రోజంతా వొళ్లు వంచి పనిచేసేవాడికి నవ్వు కావాలి. పాలు ఏవి, పాళ్లు ఏవి అని అడుగుతున్నాను. ప్రైవేటు ఛానల్ ఆ పని చేయలేదనీ అనను. ఈటీవీలో 'అన్నదాత' ఏళ్ల తరబడి పొద్దున్నే రైతుల కోసం వచ్చింది. అంటే మనసు పెడితే దారి ఉంది.

దారి చట్టంలోనూ ఉంది. 2022 నవంబరులో కేంద్రం తెచ్చిన ప్రసార మార్గదర్శకాల ప్రకారం, ఆటలు, వన్యప్రాణులు, విదేశీ ఛానళ్లు వంటివి తప్ప మిగతా ఛానళ్లు రోజుకు 30 నిమిషాలు ప్రజాసేవ కార్యక్రమాలు ఇవ్వాలి. వాటికి చెప్పిన ఎనిమిది అంశాల్లో విద్య, ఆరోగ్యం, వ్యవసాయం, బలహీన వర్గాల సంక్షేమం, పర్యావరణం ఉన్నాయి. ఆ 30 నిమిషాలు ఒకేసారి ఇవ్వనక్కరలేదు, ముక్కలుగా ఇవ్వొచ్చు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా వేసింది మాత్రం లెక్కలోకి రాదు. ఆరు తర్వాత వచ్చేది ఏమిటి? ఈ పొద్దుటి గంపే. అందులో పాముకాటు నిమిషానికి, గురుకులం సీట్ల నిమిషానికి, ఆధార్ లేని కుటుంబం ఏం చేయాలో చెప్పే నిమిషానికి చోటుంది. మనం అడగాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ పని మీ తరగతి నుంచే మొదలుపెట్టొచ్చు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు తలా ఒక ఛానల్ ఇవ్వండి. వారం రోజులు ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా ఏది ఎన్ని నిమిషాలు వచ్చిందో రాయించండి. వార్త, ఆరోగ్యం, ఆట, వినోదం, ప్రకటన అని ఐదు గడులు. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు దాటకూడదన్నది నిబంధన, అదీ లెక్క పెట్టించండి. ఆరో గడి మన గురించి. అందులో సున్నా వస్తే సున్నా రాయించండి. పిల్లలకు లెక్కలు వస్తాయి, లోకమూ తెలుస్తుంది.

ఆ కాగితం అక్కడితో ఆగకూడదు. యువకులారా, దాన్ని ఛానల్‌కూ, కేంద్ర సమాచార ప్రసార శాఖకూ పంపండి. మన జాతిని కించపరిచే మాట వస్తే తేదీ, సమయం రాసి ఛానల్‌కు ఫిర్యాదు చేయండి. 2021 నిబంధనల ప్రకారం 15 రోజుల్లో వాళ్లు తేల్చాలి. విజయవాడ నుంచి నడిచే దూరదర్శన్ సప్తగిరి మన పన్నులతో నడుస్తోంది, ముందు దాన్నే అడగండి. చేతిలో ఫోనుంటే సొంతంగా వార్త చెప్పడమూ కష్టం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన 'సీజీనెట్ స్వర' ద్వారా గోండి మాట్లాడే పల్లెవాళ్లు మామూలు ఫోనులోనే తమ ఊరి వార్తలు తామే చెప్పుకున్నారు. రాని రేషను, పాడైన బోరు గురించి వాళ్లు చెబితే అధికారులు కదిలిన సందర్భాలున్నాయి.

ఈ జూన్‌లో బడులు తెరిచే నాటికి సత్యవేడు చుట్టుపక్కల పది బడుల నుంచి పది కాగితాలు తయారు కావాలి. మొదటి కోరిక ఒకటే పెడదాం: వానాకాలం నాలుగు నెలలు, రోజూ ఉదయం ఏడు నుంచి ఎనిమిది లోపు, పాముకాటు గురించి ఒక్క నిమిషం. అదైనా ఇవ్వలేమంటే ఎందుకు ఇవ్వలేరో వాళ్లనే చెప్పమందాం.