గోడలకు గొంగడి కప్పుదాం

చివరి బెంచీవాళ్లు పాఠం వినరని అందరూ అంటారు. వాళ్లకు వినబడదని మాత్రం ఎవరూ అనరు. సిమెంటు గోడలు, టైల్స్ నేల, గాజు కిటికీలు... సార్ మాట వీటికి తగిలి తిరిగొస్తూ, ఒక మాట మీద ఇంకో మాట పడి అంతా కలగాపులగం అవుతుంది. దీనికి మందు మైకు కాదు, గుడ్డ అని నా అభిప్రాయం.

ఇది కొత్త మాటేం కాదు. 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్‌కి ఇదే జబ్బు ఉంటే, వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుడు రాత్రిపూట థియేటర్ సీట్ల కుషన్లు తెప్పించి పరుస్తూ, శబ్దం ఎన్ని సెకన్లలో అణుగుతోందో కొలిచాడు. మనం ఫిజిక్స్ పరీక్షలో బట్టీపట్టి రాసే సబైన్ ఫార్ములా అలా పుట్టిందే. పోగుల సందుల్లో గాలి కదిలినప్పుడు రాపిడికి శబ్దశక్తి కాస్త కాస్తగా వేడిగా మారిపోతుంది. అంతే కిటుకు.

ఇప్పుడు ఈ పనికి ఎక్కువగా వాడేవి గ్లాస్ వూల్, ఫోమ్. మొదటిది ఒంటికి తగిలితే దురద. రెండోది పెట్రోలియం సరుకు, కాలితే విషపు పొగ. మరి మన దగ్గర ఏముంది? గోంగూర పచ్చడి మాత్రమే గుర్తొచ్చే గోగు మొక్కకు మంచి నార ఉంది. ఉత్తరాంధ్రలో పండిస్తారు. బయటి దేశాల్లో ఇదే జాతి నారతో, కెనాఫ్ అనే పేరుతో, శబ్దం పీల్చే పలకలు చేస్తున్నారు. తెలంగాణలో కురుమలు నేసే గొంగడి ఉంది. దక్కనీ గొర్రె ఉన్ని ముతక, స్వెటర్లకు పనికిరాదు, అడిగేవాళ్లు తగ్గిపోయారు. గోడకు ముతకైతే నష్టమేంటి? పైగా ఉన్ని దూదిలా భగ్గున అంటుకోదు.

అయితే 'నేచురల్' అని స్టిక్కర్ వేస్తే సరిపోదు. నారను రసాయన జిగురుతో అతికిస్తే పర్యావరణ హితం సగం గంగలో కలిసినట్టే. ముళ్ల సూదులతో గుచ్చి పోగుల్ని పెనవేసే నీడిల్ పంచింగ్‌కి జిగురు అక్కర్లేదు. తేమ, చెదలు, పురుగు, మంట సంగతి కూడా డిజైన్‌లోనే తేల్చాలి, తర్వాత కాదు.

ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. 1000 హెర్ట్జ్ తరంగం పొడవు 34 సెంటీమీటర్లు. గుడ్డను గోడకు అంటించకుండా అందులో నాలుగో వంతు, అంటే ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, ఎడంగా వేలాడదీస్తే ఆ ధ్వనిని బాగా పట్టుకుంటుంది. 100 హెర్ట్జ్‌కి ఆ ఎడం 85 సెంటీమీటర్లు కావాలి! కాబట్టి వీధిలో డీజే బేస్‌ను ఏ గొంగడీ ఆపలేదు. దానికి బరువైన గోడ, బిగుతైన తలుపు ఉండాలి. గుడ్డ పని గది లోపలి ప్రతిధ్వనిని తగ్గించడమే.

ఏటా అవే లైన్ ఫాలోయర్ రోబోలు చేస్తున్నాం. ఈసారి ఒక్క క్లాస్‌రూమ్ తీసుకుందాం. ముందు ఒకసారి, గొంగడి పలకలు కట్టాక ఒకసారి చప్పట్లు కొట్టి ఫోన్లో రికార్డు చేసి, సబైన్ లెక్కతో పోల్చి చూద్దాం. నేసినవాళ్లకు న్యాయమైన ధర ఇచ్చి, రిపోర్టులో వాళ్ల పేర్లూ రాద్దాం. ఎందుకంటే ఆ ప్రాజెక్టులో సగం తెలివి వాళ్లదే.