పచ్చని చేల నడుమ కరవు

సత్యజిత్ రాయ్ 1973లో తీసిన ‘అశని సంకేత్’ను మొన్న ఇంటిల్లిపాదీ చూచాము. 1943 నాటి వంగదేశపు కరవు కథ అది. ఆకలిని ఇంత అందమైన రంగులలో చూపడం అపచారమని మా అబ్బాయి వాదం. ఆనాటి విమర్శకులు కొందరూ ఇదే అన్నారు. మా పెద్దమ్మ మాత్రం, “ఇంత పచ్చని ఊళ్లో అన్నం లేకపోవడమేమిటిరా?” అని అడిగి, ఆ రాత్రి మజ్జిగతో సరిపెట్టుకున్నది.

నాకు ఆమె ప్రశ్నే సబబుగా తోచింది. ఆ చిత్రంలో వాన మొహం చాటేయలేదు, నేల బీటలు వారలేదు. యుద్ధం పేరిట బియ్యం ధర కొండెక్కింది, అంగడి ఖాళీ అయింది. బీడునేలలు చూపి ఉంటే తప్పంతా దైవానిదే అయ్యేది.

ఇక్కడి ఆంధ్రులలో చాలమందికి వంగభాష రాదు. తెలుగు అనువాదపాఠంతో ఏ సంఘమైనా ప్రదర్శిస్తే నేను మళ్లీ వెళతాను, పెద్దమ్మ రానన్నది.

బరంపురం – ఒక పాఠకుడు