చెక్క మంచిదే... మరి మాత్రలో?

"దాల్చినచెక్క పొడి రోజూ ఓ చెంచాడు నీళ్ళలో కలుపుకుని తాగు వదినా, యాంటీ ఆక్సిడెంట్లట, షుగరూ తగ్గుతుందట!" ఈమధ్య ఏ నలుగురు ఆడవాళ్ళం కలిసినా ఇదే మాట.

ఆ బెరడులో పాలీఫినాల్స్ ఉన్న మాట నిజమే. ప్రయోగశాలలో అవి బాగానే పనిచేస్తాయి. అంతమాత్రాన మన ఒంట్లోనూ అలాగే చేస్తాయనుకుంటే ఎలా?

పైగా మన కొట్లలో ఎక్కువగా దొరికేది కాసియా. మందంగా, గట్టిగా ఉంటుంది. శ్రీలంక దాల్చినచెక్కయితే కాగితాల్లాంటి పల్చటి పొరలు చుట్టినట్టుంటుంది. కాసియాలో కూమరిన్ ఎక్కువ. అది మోతాదు మించితే కొందరికి కాలేయం దెబ్బతింటుంది. రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్క. అంటే 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. చెంచాడు కాసియా పొడితోనే ఆ హద్దు దాటిపోవచ్చు.

బిర్యానీలో వేసే ముక్కకి భయపడక్కర్లేదు. షుగరు మాత్రలు మానేసి ఈ నీళ్ళు పట్టుకునే అమ్మలక్కల్ని చూస్తేనే నాకు భయం. ఇంట్లో మగవాళ్ళకి జబ్బు చేస్తే డాక్టరు, మనకి చేస్తే పోపులపెట్టె! ఇదెక్కడి న్యాయం? ముందు మన మాత్ర మనం వేళకి వేసుకుందాం. ఏమంటారు?