జైల్లో కోపం, నిరాశ పెరిగితే... డీబీటీ చికిత్స ఏం చేస్తుంది?

బెయిల్ పిటిషన్ మళ్లీ వాయిదా పడింది. ములాఖత్‌కు వస్తామన్న ఇంటివాళ్లు రాలేదు. ఆ సాయంత్రం బ్యారక్‌లో ఓ రిమాండ్ ఖైదీ గోడకు తల బాదుకున్నాడనుకోండి. జైలు సిబ్బందికి సాధారణంగా రెండు దారులే కనిపిస్తాయి. ‘డ్రామాలాడుతున్నాడు’ అని మందలించి వేరే సెల్‌కు మార్చడం ఒకటి. కట్టు కట్టించి, నిద్రమాత్ర ఇప్పించడం రెండోది. మళ్లీ ఇలాంటి వాయిదా పడిన రోజున ఆ మనిషి తనను తాను ఎలా నిలబెట్టుకోవాలో మాత్రం ఎవరూ నేర్పరు.

అది నేర్పడానికి ఓ పద్ధతి ఉంది. పేరు డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా డీబీటీ. అమెరికా, కెనడాల్లో కొన్ని జైళ్లు, జువెనైల్ కేంద్రాలు రెండు దశాబ్దాలకు పైగా దీన్ని వాడుతున్నాయి. మన జైళ్లలో పనిచేసే వైద్యాధికారులు, సైకాలజిస్టులు దీన్ని ఎందుకు నేర్చుకోవాలి? బయట ఉన్న మీకు దీంతో సంబంధం ఏంటి?

సమస్య ఎంత పెద్దది?

జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5.73 లక్షల మంది ఉన్నారు. ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే వాళ్లపై నేరం ఇంకా రుజువు కాలేదు. వంద మందికి సరిపోయే చోట అప్పుడు సగటున 131 మందిని ఉంచారు. ఆ ఒక్క ఏడాదిలోనే 119 మంది ఖైదీలు ఆత్మహత్య చేసుకున్నారు.

మరి చూసుకునేవాళ్లు ఎంతమంది? ప్రతి 500 మంది ఖైదీలకు ఒక సైకాలజిస్టు ఉండాలని 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్ చెబుతోంది. ఆ లెక్కన దేశం మొత్తానికి 1,100 మందికి పైగా కావాలి. ఇండియా జస్టిస్ రిపోర్ట్ 2025 ప్రకారం పనిలో ఉన్న సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు అంతా కలిపి 25 మంది. అంటే ఒక్కొక్కరికి దాదాపు 23 వేల మంది ఖైదీలు.

విచారణ ఖైదీల్లో చాలామంది ఇవాళో రేపో బెయిల్ మీద బయటికి వస్తారు. వాళ్లు వచ్చేది మీ వీధికే, మీ బస్తీకే. లోపల ఏం నేర్చుకుని వస్తారన్నది అందుకే మీకూ సంబంధించిన విషయం.

ఇంతకీ డీబీటీ అంటే ఏంటి?

అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో సైకాలజిస్టు మార్షా లైనహాన్ దీన్ని రూపొందించారు. మళ్లీ మళ్లీ ఆత్మహత్యకు ప్రయత్నించే, తమను తాము గాయపరచుకునే మహిళలపై ఆమె చేసిన తొలి పెద్ద అధ్యయనం 1991లో వచ్చింది. ఏడాది పాటు డీబీటీ తీసుకున్నవారిలో అలాంటి ఘటనలు తగ్గాయి. ఆసుపత్రిలో గడిపే రోజులు తగ్గాయి. చికిత్సను మధ్యలో వదిలేసేవారూ తక్కువే. టీనేజీలో తానూ మానసిక ఆసుపత్రిలో చేరానని, అక్కడ ఒంటరి గదిలో గడిపానని లైనహాన్ 2011లో బయటపెట్టారు.

‘డయలెక్టికల్’ అన్న మాట చూసి కంగారు పడక్కర్లేదు. పైకి పరస్పర విరుద్ధంగా కనిపించే రెండు మాటలను ఒకేసారి పట్టుకోవడమే దాని అర్థం. ‘నీకు ఇంత బాధ కలగడంలో అర్థం ఉంది’ అన్నది మొదటి మాట. ‘అయినా నువ్వు చేసిన పని మారాలి’ అన్నది రెండోది. మొదటిదే చెబితే మనిషి మారడు. రెండోదే చెబితే వినడు.

ఏమేం నేర్పుతారు?

నాలుగు నైపుణ్యాలు. మొదటిది మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో మనసులో ఏం జరుగుతోందో గమనించడం. రెండోది కష్టాన్ని ఓర్చుకోవడం. పరిస్థితిని వెంటనే మార్చలేనప్పుడు దాన్ని ఇంకా చెడగొట్టకుండా గట్టెక్కడం. ముఖంపై చన్నీళ్లు చల్లుకుని గుండె దడ తగ్గించుకోవడం లాంటి చిట్కాలు ఇందులోనే ఉంటాయి. మూడోది ఉద్వేగాలను అదుపులో పెట్టుకోవడం. నాలుగోది ఎదుటివారితో గొడవ పడకుండా, తనను తాను తగ్గించుకోకుండా కావాల్సింది అడగడం.

వీటికి తోడు ‘చైన్ అనాలిసిస్’ అనే పద్ధతి ఉంది. మొదట చెప్పుకున్న ఉదాహరణనే తీసుకుంటే, ఆ రోజు నిద్ర సరిగా పట్టిందా, కోర్టు నుంచి వచ్చాక ఎవరేమన్నారు, మనసులో వచ్చిన మొదటి ఆలోచన ఏంటి, ఆ తర్వాత ఏం చేశాడు అని ఒక్కో లింకునూ విడదీసి చూస్తారు. ఏ లింకు దగ్గర వేరేగా చేసి ఉంటే ఆ గొలుసు తెగేదో ఖైదీ, థెరపిస్టు కలిసి తేల్చుకుంటారు.

జైల్లో అలాగే నడుస్తుందా?

నడవదు. మార్పులు తప్పవు. బయట డీబీటీలో పేషెంటుకు కష్టం ముంచుకొస్తే థెరపిస్టుకు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. జైల్లో ఫోన్ ఉండదు, రాత్రిళ్లు థెరపిస్టూ ఉండరు. ఆ సమయానికి పక్కన ఉండేది వార్డరే. అందుకే వార్డర్లకూ ఈ నైపుణ్యాలు నేర్పి, ‘నిన్న క్లాసులో చెప్పింది ఇప్పుడు చేసి చూడు’ అనగలిగేలా తయారు చేయాలి.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, బాలికల జువెనైల్ కేంద్రంపై 2002లో వచ్చిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. రెండు విభాగాల్లో డీబీటీ మొదలుపెట్టారు. ఒకదాంట్లో పిల్లల ప్రవర్తన సమస్యలు తగ్గాయి, సిబ్బంది శిక్షలు వేయడమూ తగ్గింది. రెండోదాంట్లో పిల్లల ప్రవర్తనలో మార్పు రాలేదు. రెండు చోట్లా ఉన్న పిల్లల పరిస్థితి ఒకటి కాదు, సిబ్బందికి ఇచ్చిన శిక్షణా ఒకటి కాదు. చికిత్స పేరు ఒక్కటే అయినా ఫలితం ఒక్కటి కాలేదు. జైళ్లలో జరిగిన డీబీటీ అధ్యయనాలు చాలావరకు చిన్నవి. కాబట్టి దీన్ని సర్వరోగ నివారిణిలా చూడటం తప్పు.

రెండో చిక్కు గోప్యత. జైలు డాక్టర్ ఖైదీకి వైద్యుడు, జైలుకు ఉద్యోగి కూడా. విచారణ ఖైదీ చైన్ అనాలిసిస్‌లో కేసు సంగతులు చెబితే ఆ కాగితం ఎవరి చేతికి పోతుంది? అందుకే ఏది రహస్యంగా ఉంటుంది, ఏది పైకి చెప్పాల్సి వస్తుంది అన్నది మొదటి రోజే స్పష్టం చేయాలి. చర్చ కేసు మీద కాకుండా బ్యారక్‌లో ఈ వారం జరిగినదాని మీదే నడవాలి.

మూడోది సమయం. పూర్తిస్థాయి డీబీటీకి ఏడాది దాకా పడుతుంది. విచారణ ఖైదీ రేపు ఉంటాడో, బెయిల్‌పై వెళ్తాడో తెలియదు. కాబట్టి ఎప్పుడైనా చేరగలిగే గ్రూపులు, ఒక్కో క్లాసులో ఒక్కో నైపుణ్యం పూర్తయ్యే పాఠాలు కావాలి.

నాలుగోది థెరపిస్టులే అలసిపోవడం. డీబీటీలో థెరపిస్టులంతా వారం వారం కూర్చుని ఒకరికొకరు ఆసరాగా నిలవడం కూడా చికిత్సలో భాగమే. జైలుకు ఒక్క సైకాలజిస్టు కూడా లేని చోట ఈ బృందం ఎక్కడి నుంచి వస్తుంది? పలు జైళ్ల వైద్యాధికారులను వీడియో కాల్‌లో కలిపి, మానసిక ఆసుపత్రుల నిపుణులతో మాట్లాడించడం ఒక మార్గం.

మన చట్టం ఏం చెబుతోంది?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం జైళ్లలోని వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో ప్రభుత్వం శిక్షణ ఇవ్వాలి. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. ఖైదీలకు, ముఖ్యంగా మొదటిసారి జైలుకొచ్చినవారికి కౌన్సెలర్లు కావాలని సుప్రీంకోర్టు కూడా 2017 సెప్టెంబరులో చెప్పింది.

తెలుగు రాష్ట్రాలకు ఇది పూర్తిగా కొత్త దారేమీ కాదు. తెలంగాణ జైళ్ల శాఖ ‘ఉన్నతి’ పేరుతో ఖైదీల ఆలోచన, ప్రవర్తన మార్చే శిక్షణ నడిపింది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులున్నాయి. చట్టం ఎలాగూ తప్పనిసరి చేసిన వైద్యాధికారుల శిక్షణలోనే డీబీటీ నైపుణ్యాలను ఓ భాగం చేయొచ్చు. ముందు ఒక సెంట్రల్ జైల్లో, ఒక బ్యారక్‌లో, అక్కడి వార్డర్లతో కలిపి మొదలుపెట్టి, గాయాలు, శిక్షలు ఎన్ని తగ్గాయో లెక్క రాసుకుంటే, విస్తరించాలా వద్దా అన్నది ఆ లెక్కే చెబుతుంది.

మీవాళ్లెవరైనా జైల్లో ఉంటే?

మానసిక సమస్యకు ఇంతకుముందు మందులు వాడి ఉంటే, ఆ ప్రిస్క్రిప్షన్ల నకళ్లు జోడించి జైలు వైద్యాధికారికి, సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోండి. ములాఖత్‌లో మనిషి మాట తీరు మారినట్టు అనిపిస్తే, ‘బతకాలని లేదు’ అన్నట్టు మాట్లాడితే, ఆ రోజే సిబ్బందికి చెప్పండి. పట్టించుకోకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోన్ చేయండి. ఇంట్లో మీకే దిగులు ఎక్కువైతే టెలీ మానస్ నంబర్ 14416 ఉంది. తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. రాలేకపోతే ములాఖత్‌కు వస్తామని మాట ఇవ్వకండి. వచ్చే రోజు ఖాయమయ్యాకే చెప్పండి. లోపల ఉన్న మనిషికి ఆ తేదీ చాలా పెద్దది.