నెలలు నిండని బిడ్డ, నలభై రోజుల తల్లి



ఈ నెల ఈ శీర్షికలో ఒక మస్అలాతోపాటు నా తొందరపాటును గురించి కూడా రాయవలసి ఉంది. మా మద్రసా బాలికల విభాగంలో ఆలిమా కోర్సు పూర్తిచేసిన ఒక అమ్మాయికి తొలి కాన్పు ఇరవై ఎనిమిదో వారంలోనే జరిగిపోయింది. ఆడబిడ్డ. బరువు 980 గ్రాములు. తల్లి అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరూ, ఊరూ రాయను.

బిడ్డ పుట్టిన మూడో రోజు మధ్యాహ్నం నేను పిల్లలకు నహూ పాఠం చెబుతున్నాను. ఆ అమ్మాయి భర్త ఫోన్ చేశాడు. "హజ్రత్, తల్లికి ఇంకా పాలు పడలేదు. ఆసుపత్రిలో పాల బ్యాంకు ఉందట. ఇతర తల్లులు ఇచ్చిన పాలు పట్టిస్తామంటున్నారు. జాయిజేనా?" అని అడిగాడు. ఎవరి పాలో తెలియకుండా తాగిస్తే రేపు ఎవరు ఎవరికి పాల తోబుట్టువులో తెలియదు, కాబట్టి వద్దని చెప్పి ఫోన్ పెట్టేశాను. మొత్తం ఒక్క నిమిషం పట్టి ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ పాఠంలో పడ్డాను.

మరునాటి సాయంత్రం నా భార్యతో కలిసి ఆసుపత్రికి వెళ్ళాను. బిడ్డకు డబ్బాపాలు మొదలుపెట్టారు, కడుపు ఉబ్బింది, పాలు ఆపి సెలైను మీద ఉంచారు. ఇంత చిన్న బిడ్డల పేగు చాలా సున్నితంగా ఉంటుందనీ, తల్లిపాలు దొరికిన బిడ్డలకంటే డబ్బాపాలు తాగిన బిడ్డలకు పేగు కుళ్ళే ప్రమాదం ఎక్కువనీ, అందుకే తల్లిపాలు చాలనప్పుడు దాత పాలు ఇస్తామనీ డాక్టరమ్మ ఓపికగా వివరించింది. ఆ ఉబ్బరానికి నా మాట కారణమా కాదా అని ఆమెను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఈనాటికీ అడగలేదు.

ఆ రాత్రి కితాబులు తెరిచాను. ముప్పై ఏళ్ళుగా చదివి, చదివించిన బాబే అది. మన హనఫీ ఫుఖహా రొమ్ము నుండి తాగిన పాలను మాత్రమే చర్చించలేదు. నోట్లో పోసిన పాలు, ముక్కు ద్వారా పంపిన పాలు కూడా లోపలికి చేరితే రిజాఅత్ స్థిరపడుతుందని రాశారు. ముక్కు ద్వారా పాలు పట్టించే అవసరం ఎవరికి కలుగుతుందా అని విద్యార్థిగా ఉన్నప్పుడు మేము నవ్వుకునేవాళ్ళం. ఆ సాయంత్రమే గాజు అవతల ఒక బిడ్డ ముక్కులో సన్నని గొట్టం చూసి వచ్చాను. ఇద్దరు స్త్రీల పాలు కలిసిపోతే హుకుం ఏమిటన్న దానిపై ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మతుల్లాహి అలైహిమ్) మధ్య అభిప్రాయభేదం కూడా అక్కడే ఉంది. అధికంగా ఉన్న పాలనే లెక్కించాలని ఒకరు, ఇద్దరు స్త్రీలతోనూ బంధం ఏర్పడుతుందని మరొకరు.

మన కాలపు ఉలమా కూడా దీనిపై ఒక్కమాటగా లేరు. జెద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1985లో పాల బ్యాంకులు నెలకొల్పడం వద్దని తీర్మానించింది. అంతకు ముందే షేఖ్ యూసుఫ్ అల్ ఖర్జావీ దానికి భిన్నంగా అనుమతి వైపు మొగ్గారు. నేను ఫోన్‌లో చెప్పింది మొదటి అభిప్రాయం. అది తప్పని అనను. కాని అడిగినవాడు పాఠంలో కూర్చున్న విద్యార్థి కాడు. కిలో కూడా లేని కూతురికి తండ్రి. బంధం తెలియకపోవడమే అభ్యంతరమైతే, బంధం తెలిసేలా చేసే మార్గం ఉందా అని ఆ ఒక్క నిమిషంలో నేను ఆలోచించలేదు.

ఫజ్ర్ తర్వాత హైదరాబాదులోని ఒక పెద్ద ముఫ్తీ సాహెబ్‌ను సంప్రదించాను. ఆయన ముందుగా అడిగిన ప్రశ్న, "ఆ తల్లికి అక్కచెల్లెళ్ళు లేరా?" అని. ఉంది. అక్క ఉంది, ఆమె ఒడిలో నాలుగు నెలల కొడుకు ఉన్నాడు. ఆసుపత్రివారు ఆమె రక్తం పరీక్షించి, పాలను వేడిచేసి శుద్ధిచేసి, వేరే సీసాలలో ఆమె పేరుతోనే ఉంచడానికి ఒప్పుకున్నారు. అక్క దొరక్కపోయి ఉంటే? అప్పుడు ప్రాణావసరం ముందు, దాత పేరు అడిగి రాసుకునే ప్రయత్నం ఆ వెంట అన్నారు ముఫ్తీ సాహెబ్. ఇటువంటి పరిస్థితి వచ్చిన ప్రతి కుటుంబమూ తాము నమ్మే ఆలిమ్‌ను అడగాలి. ఆ ఆలిమ్ కూడా పాఠం ఆపి వినాలి.

ఇక బిడ్డ నాన్నమ్మకు మరో దిగులు పట్టుకుంది. అక్క కొడుక్కి, ఈ పిల్లకు సంబంధం కలుపుకోవచ్చని ఆమె లోలోపల అనుకుందట. కిలో బరువైనా లేని పెళ్ళికూతురు, నాలుగు నెలల పెళ్ళికొడుకు! పాలతో ఆ ఆశ తెగిపోయింది. హజ్రత్ హమ్‌జా (రజి) కుమార్తెతో వివాహం ప్రతిపాదించినప్పుడు దైవప్రవక్త (స) ఆమె తనకు పాల సోదరుని కుమార్తె అని నిరాకరించిన సంగతి ఆమెకు చెప్పాను. వారిద్దరూ సువైబా పాలు తాగినవారు. ఆమె విని, "అయితే మంచి బంధమే, తెగనిది" అంది.

ఆ తల్లి పడిన శ్రమను నా భార్య ద్వారా తర్వాత తెలుసుకున్నాను. మొదటిసారి చూసినప్పుడు బిడ్డ చర్మం ఉల్లిపొరలా ఉండి, లోపలి నరాలు కనిపించాయట. ఊపిరితిత్తులు పక్వం కాలేదు కనుక అవి మూసుకుపోకుండా ఒక మందును గొట్టం ద్వారా లోపలికి పంపారు. ఇంత చిన్న బిడ్డలు ఒక్కోసారి ఊపిరి తీయడమే మరచిపోతారు. యంత్రం మోగుతుంది, నర్సు వచ్చి అరికాలును మెల్లగా తడుతుంది, బిడ్డ మళ్ళీ ఊపిరి తీస్తుంది. కొన్నాళ్ళకు ఆ మోత విని తల్లే తట్టడం నేర్చుకుంది. రాత్రీ పగలూ మూడు గంటలకొకసారి పాలు పిండాలి. మొదట సిరంజిలో కొన్ని చుక్కలే. ఆ ముర్రుపాలతోనే నర్సు బిడ్డ నోరు తడిపేది. లోపలికి వెళ్ళే ప్రతిసారీ మోచేతుల వరకు చేతులు కడుక్కోవాలి. "నిఫాస్‌లో ఉన్నాను, నమాజు లేదు. ఆ చేతులు కడుక్కునేటప్పుడు మాత్రం వుజూ చేస్తున్నట్టుండేది. దుఆ చేసుకుంటూ కడుక్కునేదాన్ని" అందట. మూసా (అలై) తల్లి బిడ్డను నదిలో వదిలిన తర్వాత ఆమె హృదయం ఖాళీ అయిపోయిందని దివ్య ఖుర్ఆన్ వర్ణించింది. ఆ ఆయత్‌ను నేను ఎన్నోసార్లు బోధించాను. దాని అర్థం తనకు గాజుపెట్టె పక్కన తెలిసిందని నా శిష్యురాలు చెప్పింది.

అన్నిటికంటే ఆమెను బాధపెట్టింది ఇంట్లోనే జరిగింది. అయిదో రోజు ఆమెను డిశ్చార్జి చేశారు. బిడ్డ మాత్రం లోపలే. "చిల్లా నిండేదాకా బాలింత గడప దాటకూడదు, గాలి సోకుతుంది, దిష్టి తగులుతుంది" అని అత్తగారు ఆపేసింది. పాలు సీసాలో పంపితే చాలన్నారు. మూడు రోజులు ఆ తల్లి బిడ్డను చూడలేదు.

అక్కచెల్లెళ్ళారా, ఇది మన దీన్‌లో లేదు. నలభై రోజులు నిఫాస్‌కు గరిష్ఠ పరిమితి మాత్రమే. కనిష్ఠ పరిమితి లేదు. రక్తం ఎప్పుడు ఆగితే అప్పుడే గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాలి. నిఫాస్‌లో నమాజు, ఉపవాసం ఉండవు. కాని ఇంట్లోనే బందీగా ఉండాలన్న హుకుం ఎక్కడా లేదు. భర్త మరణించిన స్త్రీ పాటించే ఇద్దత్‌తో దీన్ని కలిపేసుకున్నారో, ఇరుగుపొరుగు ఆచారమే మన ఆచారమైపోయిందో తెలియదు. బాలింతకు విశ్రాంతి ఇవ్వడం మంచిదే. ఈ తల్లికి విశ్రాంతి బిడ్డ దగ్గరే ఉంది.

ఇది నా మాట మాత్రమే కాదు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో గాజుపెట్టెలు చాలక, ఎడ్గార్ రే అనే వైద్యుడు నెలలు నిండని బిడ్డలను తల్లుల ఎదకు నేరుగా కట్టించాడు. కంగారూ జంతువు తన పిల్లను మోసినట్టు అన్నమాట. మన ఢిల్లీలోని ఒక ఆసుపత్రితో సహా అయిదు దేశాలలో జరిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. పుట్టిన వెంటనే ఇలా ఎదకు హత్తుకున్న బిడ్డలలో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. తర్వాతి సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానినే సిఫారసు చేసింది. ఈ మాటలు డాక్టరమ్మే అత్తగారికి చెప్పింది. నేను మస్అలా చెప్పాను. ఏది పనిచేసిందో గాని, తొమ్మిదో రోజు అత్తగారే కోడలిని ఆటోలో తీసుకువచ్చింది. ఆనాడు తల్లి కుర్చీలో వెనక్కి వాలి, తెర చాటున, బిడ్డను ఎదపై రెండు గంటలు ఉంచుకుంది. యంత్రం ఒక్కసారి కూడా మోగలేదట.

నలభై రోజుల పట్టింపు మరో నష్టం చేయగలదు. నెలలు నిండని బిడ్డల కంటి వెనుక పొర దెబ్బతినే ప్రమాదం ఉంది. పుట్టిన ముప్పై రోజుల లోపు కంటి వైద్యుడు చూడాలి. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యులు దీన్ని "తీస్ దిన్ రోష్నీ కే" అని మన ఇళ్ళకు తెలిసిన మాటల్లోనే ప్రచారం చేశారు. చిల్లా అయ్యాక చూపిద్దామనుకుంటే పది రోజులు ఆలస్యమైపోతుంది.

అజాన్ గురించి కూడా అడిగారు. గాజుపెట్టె కిటికీలోంచి తండ్రి గుసగుసగా వినిపించాడు. ఆ వయసు బిడ్డకు పెద్ద శబ్దం మంచిది కాదు. తహ్నీక్ కోసం నాన్నమ్మ తేనె తెచ్చింది. వద్దన్నాను. ఏడాది నిండని ఏ బిడ్డకూ తేనె పట్టకూడదని వైద్యులు చెబుతారు. సున్నత్ ఖర్జూరంతో వచ్చింది, అది కూడా ఈ బిడ్డకు ఆగవచ్చు. ఏడో రోజు పేరు పెట్టారు. తలనీలాలు, అఖీఖా ఇంటికి వచ్చాక చేసుకున్నారు. ఆలస్యమైనందుకు దోషమేమీ లేదు.

ఒక మాట రాయడానికే సంకోచిస్తున్నాను, కాని రాయాలి. పెళ్ళయి ఏడు నెలలైనా నిండలేదని వీధిలో కొందరు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. గర్భధారణ, పాలు మానిపించడం కలిపి ముప్పై నెలలని ఒకచోట, పాలు రెండేళ్ళని మరొకచోట దివ్య ఖుర్ఆన్ చెప్పింది. ముప్పైలో ఇరవై నాలుగు తీసివేస్తే ఆరు మిగులుతాయని, ఆరు నెలలకు ప్రసవించిన స్త్రీపై నింద వచ్చినప్పుడు హజ్రత్ అలీ (రజి) హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందు వాదించారు. పధ్నాలుగు వందల ఏళ్ళ క్రితమే తీర్పు వచ్చిన లెక్కను వీధి అరుగు మీద మళ్ళీ వేయనవసరం లేదు.

అరవై నాలుగో రోజున బిడ్డ ఇంటికి వచ్చింది, 2 కిలోల 50 గ్రాములతో. ఇప్పుడు కూర్చుంటోంది. తోటి పిల్లలకంటే ఆలస్యమని కంగారుపడవద్దని, వయసును కాన్పు జరగవలసిన తేదీ నుండి లెక్కించమని వైద్యులు చెప్పారు.

మొన్న ఆ ఇంటికి వెళితే తండ్రి ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. పెద్దమ్మ పాలు ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టించారో, ఆమె పిల్లలు ఎవరెవరో వరుసగా రాసి ఉంది. కింద సాక్షుల సంతకాలకు చోటు వదిలాడు. నాన్నమ్మ వేలిముద్ర వేసింది. పక్కన నేను సంతకం చేశాను.